అదనపు పనికి అపరాధ రుసుము

బ్రిటన్‌లో శస్త్రచికిత్సల కోసం ఎదురుచూసే రోగుల జాబితా ఏటికేడు పెరుగుతున్న తరుణంలోనే, 2016లో అక్కడి ఖజానా అధికాదాయవర్గాలకు పింఛను ‘వార్షిక పరిమితి’ని, అంటే పన్ను భారం లేకుండా ఒక ఏడాదిలో పింఛను హక్కు పెరగదగిన గరిష్ఠ మొత్తాన్ని, 40,000 పౌండ్ల నుంచి ఆదాయాన్ని బట్టి 10,000 దాకా కుదించింది. హక్కు పెరుగుదల చేతికందిన సొమ్ము కాదు, కాగితంపై అంకె మాత్రమే. అయినా పన్నును ఆ ఏటికే లెక్కకట్టడంతో, శనివారం కూడా కత్తి పట్టిన ప్రభుత్వాసుపత్రి సీనియర్ వైద్యునికి కొన్ని సందర్భాలలో అదనపు వేతనం కంటే అదనపు పన్నే ఎక్కువైంది. పనిచేసినవారికి జరిమానా, ఇంట కూర్చున్నవారికి ఊరట అనే ఈ అపూర్వ అర్థశాస్త్రాన్ని గ్రహించి కొందరు పనిగంటలు తగ్గించుకోగా, మరికొందరు గడువుకు ముందే పదవీ విరమణ పుచ్చుకున్నారు (మందు మోతాదు లెక్కించగలవారికి ఈపాటి గణితం రాదని ఖజానా ఎందుకు భావించిందో!). 2020లో ఆదాయ హద్దులను సడలించిన ప్రభుత్వం, 2023లో ఆర్థికమంత్రి జెరెమీ హంట్ చేతుల మీదుగా పరిమితిని 60,000కు పెంచింది. కుదింపు నిబంధనను మాత్రం రద్దు చేయక, 2,60,000 పౌండ్ల ఆదాయం దాటినవారి కోసం భద్రంగా దాచి ఉంచింది.