టైరు శాసనం: ప్రతిపదార్థ టీకా తాత్పర్య సహితం

అవతారిక

ఈ గ్రంథం నల్లటి పత్రం మీద నల్లటి అక్షరాలతో, గుండ్రంగా, మొదలూ తుదీ లేకుండా అచ్చయింది. పఠించదలచినవాడు కారు పక్కన గొంతుక్కూర్చోవాలి. సగం అక్షరాలు తలకిందులుగా కనిపిస్తాయి కనుక బండిని అర చుట్టు ముందుకు జరిపి, మళ్లీ దిగి, మళ్లీ కూర్చోవాలి. ఇంత శ్రమ పెట్టే కావ్యానికి పాఠకులు కరువైతే కవిని తప్పు పట్టలేం.

పూర్వ వ్యాఖ్యలు మూడు ప్రచారంలో ఉన్నాయి. మొదటిది దుకాణ వ్యాఖ్య. "ఇది వేయించుకోండి సార్, కళ్లు మూసుకుని యాభై వేలు తిరుగుతుంది" అన్న ఒకే వాక్యంతో అది ముగుస్తుంది. కళ్లు మూసుకుని తిరిగితే యాభై వేలు ఎలా పూర్తవుతాయో అందులో వివరణ లేదు. రెండోది డ్రైవరు వ్యాఖ్య. గాలి విషయంలో ప్రామాణికం, తక్కిన విషయాల్లో క్లుప్తం. మూడోది బావమరిది వ్యాఖ్య. ఆయనగారు ఏ టైరు కొన్నా మనకంటే వెయ్యి తక్కువకే వస్తుంది, మనకంటే పది వేల కిలోమీటర్లు ఎక్కువే నడుస్తుంది. మొదటి రెండింటినీ గౌరవించి మూడోదాన్ని అవసరమైన చోటల్లా ఖండించడం ఈ వ్యాఖ్యాత పద్ధతి.

మూలం

185/65 ఆర్15 88హెచ్

ప్రతిపదార్థం

185 = ఈ గోడ నుంచి ఆ గోడకు మిల్లీమీటర్లలో వెడల్పు. శంక: రోడ్డును తాకే భాగం వెడల్పు కదా? కాదు. గాలి నింపిన టైరు ఉబ్బిన పొట్ట కొలత ఇది. నేలను తాకే పట్టీ దీనికంటే తక్కువే ఉంటుంది.

65 = ఇక్కడ "శాతం" అన్న మాటను అధ్యాహారం చేసుకోవాలి. వెడల్పులో 65 శాతం గోడ ఎత్తు. అంటే సుమారు 120 మిల్లీమీటర్లు. ఈ అంకె తగ్గినకొద్దీ గోడ పొట్టిదవుతుంది, కారు అందంగా కనిపిస్తుంది, గుంతలో పడ్డప్పుడు రిమ్ము ఏడుస్తుంది. మన మునిసిపల్ రోడ్లు తెలిసిన రసజ్ఞులు 65కే ఓటు వేస్తారు.

ఆర్ = రేడియల్. లోపలి దారాలు అంచు నుంచి అంచుకు అడ్డంగా, చక్రం ఆకుల మాదిరిగా పరుచుకుని, వాటి మీద ఉక్కు పట్టీ చుట్టిన నిర్మాణం. ఫ్రాన్సులో మిషెలిన్ సంస్థ 1946లో పేటెంటు తీసుకున్న సంప్రదాయం ఇది. పూర్వపు అడ్డదారాల టైరుకంటే తక్కువ వేడెక్కుతుంది, ఎక్కువ కాలం ఉంటుంది. కార్లలో వేరే శాఖ దాదాపు అంతరించింది కనుక దీని మీద వాదం అనవసరం.

15 = రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. వెడల్పేమో మిల్లీమీటర్లలో చెప్పి, ఒక్క అక్షరం దాటగానే అంగుళాల్లోకి దిగిన ఈ కవిది శుద్ధ మణిప్రవాళ శైలి.

88 = బరువు సూచిక. ఇది కిలోలు కాదు. మన జ్యోతిష గ్రంథాల్లో నేత్రమంటే రెండు, వేదమంటే నాలుగు అయినట్టే, ఇక్కడ 88 అంటే 560 కిలోలని పట్టిక చూసి తెలుసుకోవాలి. నాలుగు టైర్లకు 2,240 కిలోలు. పెళ్లికి వెళ్తూ వెనక సీట్లో నలుగురిని, డిక్కీలో గుండిగల్ని సర్దే కుటుంబాలు ఈ పదాన్ని రెండుసార్లు చదవాలి. ధర తక్కువని 88 బదులు 84 వేయించుకుంటే టైరు ఒక్కంటికి 60 కిలోలు పోగొట్టుకున్నట్టే.

హెచ్ = గంటకు 210 కిలోమీటర్ల వేగాన్ని తట్టుకోగలది. టీ అంటే 190, యూ అంటే 200, వీ అంటే 240. యూకూ వీకీ మధ్య హెచ్ ఎలా దూరిందని అడిగితే, ఆర్షప్రయోగమని సమాధానం. హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు మీద కూడా గరిష్ఠ వేగం 120కి మించకూడదు కనుక ఈ పదానికి మన సీమలో ముఖ్యార్థం లేదు. కంపెనీ ఇచ్చినదానికి తక్కువది వేయించుకోకపోతే చాలు.

తాత్పర్యం

ఈ టైరు ఈ రిమ్ముకు పడుతుంది, ఇంత బరువు మోస్తుంది, ఇంత వేగం తట్టుకుంటుంది.

ప్రధాన సంశయం

కొనేవాడు అడిగేవి రెండే ప్రశ్నలు. ఎన్ని కిలోమీటర్లు వస్తుంది? మైలేజీ ఎంత పెరుగుతుంది? మూలంలో ఈ రెండింటికీ జవాబు లేదు. పొట్ట కొలత చెప్పి, రిమ్ము కొలత చెప్పి, అసలు సంగతి దగ్గర మౌనం వహించాడు కవి. ఇక్కడి నుంచి వ్యాఖ్యాత పని మొదలవుతుంది.

ముందు మైలేజీ. చక్రం దొర్లేటప్పుడు నేలను తాకిన భాగం నొక్కుకుంటుంది, పైకి లేచినప్పుడు మళ్లీ సాగుతుంది. నొక్కడానికి తీసుకున్న శక్తినంతా రబ్బరు తిరిగివ్వదు. చేబదులు తీసుకున్న చుట్టంలా కొంత తన దగ్గరే ఉంచేసుకుంటుంది. ఆ ఉంచుకున్నది వేడిగా మారిపోతుంది. టైరు దొర్లడానికి పడే అడ్డంకిలో సింహభాగం ఇదే. రబ్బరులో నల్ల మసికి బదులు సిలికా కలిపితే ఈ నష్టం తగ్గుతుందని, తడి రోడ్డు మీద పట్టు మాత్రం చెడదని 1992లో మిషెలిన్ అమ్మకానికి తెచ్చిన టైర్లు చూపించాయి. ఇప్పుడు పొదుపు టైర్లన్న పేరుతో వచ్చేవాటిలో చాలామట్టుకు ఆ దారివే.

ఈ అడ్డంకి పది శాతం తగ్గితే ఇంధనం ఒకటి నుంచి రెండు శాతం మిగులుతుంది. అంతకుమించి వాగ్దానం చేసేవాడు కవి కావచ్చునేమో గాని శాస్త్రకారుడు కాడు.

పూర్వపక్షం: ఒకటి రెండు శాతానికి ఇంత వ్యాఖ్యానమా? లెక్క కట్టి చూద్దాం. లీటరు నూరు రూపాయలు, కారు లీటరుకు పద్దెనిమిది కిలోమీటర్లు అనుకుంటే కిలోమీటరుకు పెట్రోలు ఖర్చు ఐదున్నర రూపాయలు. రెండు టైర్ల మధ్య అడ్డంకిలో ఇరవై శాతం తేడా ఉండి, ఇంధనం మూడు శాతం మిగిలితే కిలోమీటరుకు దాదాపు పదిహేడు పైసలు. ఇక మన్నిక. సెట్టు ఇరవై వేల రూపాయలనుకోండి. నలభై వేల కిలోమీటర్లు నడిస్తే కిలోమీటరుకు యాభై పైసలు, యాభై వేలు నడిస్తే నలభై. తేడా పది పైసలు. అంటే పది వేల కిలోమీటర్లు ఎక్కువ నడిచే టైరు కోసం వెతికే మనిషి పది పైసల వెంటపడి పదిహేడు పైసల్ని వదిలేస్తున్నాడు. బాగా తిరిగే కారుకు సిద్ధాంతం ఇది. నెలకోసారి గుడికి వెళ్లొచ్చే కారుకు ఈ లెక్క వర్తించదు. దాని టైరు అరిగి కాదు, ముదిరి పోతుంది.

మరి ఏ టైరుకు అడ్డంకి తక్కువో ఎలా తెలుస్తుంది? గోడ మీద లేదు. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ వారు ఫ్రిజ్జులకూ ఏసీలకూ ఇచ్చినట్టే టైర్లకూ నక్షత్రాలిస్తున్నారు. ఆ చీటీ ఉందేమో అడగాలి. ఐరోపాలో 2012 నుంచే ఇలాంటి చీటీ తప్పనిసరి. ఇప్పుడక్కడ ఏ నుంచి ఈ వరకు ఐదు తరగతులున్నాయి. మన దేశంలో 2022లో మోటారు వాహనాల నిబంధనలు సవరించి దొర్లుడు అడ్డంకికి, తడి పట్టుకు, చప్పుడుకు హద్దులు పెట్టారు. అంతకుముందే ఐఎస్ఐ ముద్ర తప్పనిసరైంది. హద్దు దాటని టైరని తెలుసుకోవడం వేరు, రెండింటిలో ఏది మేలో తెలుసుకోవడం వేరు. రెండోదానికి నక్షత్రాలే దిక్కు.

అలంకార విచారం

టైరు మీది గీతలు శోభ కోసం కావు, నీటిని పక్కకు తోసేయడానికి. మైలేజీ, మన్నిక, తడి పట్టు అనే మూడు గుణాలు ఒకదాన్నొకటి లాగుతుంటాయి. గీతలు లోతుగా చెక్కి రబ్బరు దళసరిగా వేస్తే ఎక్కువ కాలం వస్తుంది, కాని నలిగే రబ్బరు పెరిగి మైలేజీ తగ్గుతుంది. గట్టి రబ్బరు అరగదు, తొలకరి చినుకులకు నూనె తేలిన తారు మీద మాత్రం అది నిలబడదు. "అసలు అరగనే అరగదు" అన్న ప్రశంస విన్నప్పుడు ఈ వ్యాఖ్యాత రెండడుగులు వెనక్కి వేస్తాడు. మైలేజీలో ఒక నక్షత్రం తగ్గినా కారు ఇంటికి చేరుతుంది. తడి పట్టు విషయంలో ఆ భరోసా లేదు.

మన్నిక

అమెరికాలో అమ్మే టైర్ల గోడ మీద "ట్రెడ్‌వేర్" అని ఒక అంకె ఉంటుంది. మన దగ్గర దొరికే వాటిలో కొన్నిటి మీదా కనిపిస్తుంది. టెక్సస్‌లో నాలుగు వందల మైళ్ల చుట్టు రోడ్డు మీద నడిపి, నూరు అంకె ఇచ్చిన ప్రమాణ టైరుతో పోల్చి చెప్పే సంఖ్య అది. చివరి అంకె వేసుకునేది తయారీదారే. కాబట్టి ఒకే కంపెనీ టైర్లను తమలో తాము పోల్చడానికి పనికొస్తుంది, రెండు కంపెనీల మధ్య తగువు తీర్చదు.

నిజానికి మన్నిక సగం మూలంలో లేదు, యజమానిలో ఉంది. దీనికి ప్రమాణం డ్రైవరు తలుపు తీస్తే స్తంభం మీద అంటించిన చిన్న చీటీ. గాలి ఎంతుండాలో అందులో ఉంటుంది. టైరు గోడ మీద గరిష్ఠ పీడనమని 44, 51 వంటి అంకెలు కనిపిస్తాయి. అది టైరు తట్టుకునే హద్దు, మనం నింపాల్సిన కొలత కాదు. ఈ రెండింటినీ కలిపి అన్వయించి నలభై పైన గాలి కొట్టించి, నడుమ మాత్రమే అరిగిన టైర్లు తెచ్చి కంపెనీని తిట్టేవారున్నారు. గాలి తగ్గితే భుజాలు అరుగుతాయి, మైలేజీ కూడా పోతుంది. నాలుగు టైర్లలో సగటున ఒక్కో పీఎస్ఐ తగ్గుదలకు సుమారు 0.2 శాతం ఇంధనం ఎక్కువ తాగుతుంది. ఐదు తగ్గితే ఒక శాతం. ఖరీదైన పొదుపు టైరు కొని గాలి చూడనివాడు ఒక చేత్తో కొన్నది రెండో చేత్తో పారేస్తాడు.

గాలి చల్లటి టైరులోనే కొలవాలి, తెల్లవారాక మొదటి పనిగా. వాతావరణం పది డిగ్రీలు మారితే దాదాపు ఒకటిన్నర పీఎస్ఐ మారుతుంది కనుక మే నెల విజయవాడలో సరిచూసిన గాలి డిసెంబరు ఆదిలాబాదులో సరిపోదు. ఇక్కడ దుకాణ వ్యాఖ్య నైట్రోజన్‌ను ప్రవేశపెడుతుంది. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. మిగతా ఇరవై రెండు శాతానికి టైరుకు యాభయ్యా అని అడగవచ్చు.

పాఠాంతరం

కొన్ని ప్రతుల్లో 185/65 బదులు 195/65 అన్న పాఠం కనిపిస్తుంది. బావమరిది వ్యాఖ్య దీన్నే గట్టిగా సమర్థిస్తుంది: రోడ్డు గ్రిప్పు పెరుగుతుందట, కారు రాజసంగా ఉంటుందట. 185/65 చక్రం వ్యాసం సుమారు 621 మిల్లీమీటర్లు, 195/65ది 634. చక్రం రెండు శాతం పెద్దదైంది కనుక కారు నిజంగా నూరు మీద పోతుంటే మీటరు తొంబై ఎనిమిదే చూపిస్తుంది. నూరు కిలోమీటర్లు నడిచినా తొంబై ఎనిమిదే లెక్క పడతాయి. మైలేజీ తగ్గిందని మళ్లీ ఆయనకే ఫోను చేయాలి. ఈ పాఠం త్యాజ్యం.

ఈ లెక్కతోనే మరో చిక్కుముడి కూడా విడుతుంది. "కొత్త టైర్లు వేయించాక మైలేజీ పడిపోయింది, దుకాణంవాడు మోసం చేశాడు" అన్న ఆక్రోశం తరచూ వినబడుతుంది. కొత్త టైరు మీద ఏడెనిమిది మిల్లీమీటర్ల గీత లోతు ఉంటుంది. అరిగి అరిగి రెండుకు దిగేసరికి వ్యాసం పది పన్నెండు మిల్లీమీటర్లు తగ్గి, చక్రం చిన్నదై, మీటరు దూరాన్ని దాదాపు రెండు శాతం ఎక్కువ చేసి చూపుతూ వస్తుంది. పైగా పల్చబడ్డ రబ్బరులో నలిగేది తక్కువ కనుక నిజమైన పొదుపూ కొంత ఉంటుంది. అంటే అరిగిన టైరుదే మంచి మైలేజీ, అందులో సగం మీటరు పలికిన అబద్ధం. కొత్త టైరు రాగానే ఆ అబద్ధం ఆగిపోతుంది. దుకాణదారు ఈ ఒక్క విషయంలో నిర్దోషి.

అలాగని అరిగినదాన్నే పట్టుకుని వేలాడకూడదు. గీతల మధ్య 1.6 మిల్లీమీటర్ల ఎత్తున చిన్న దిమ్మలుంటాయి. అవెక్కడున్నాయో గోడ మీద టీడబ్ల్యూఐ అనో, చిన్న త్రిభుజమో చూపుతుంది. తొక్కుడు భాగం ఆ దిమ్మలతో సమమైతే ఆ ప్రతికి ఆయుర్దాయం తీరినట్టే. అంతకంటే ముందే, మూడు మిల్లీమీటర్లప్పుడే, వానాకాలం ఎదురుగా ఉంటే మార్చడం ఈ వ్యాఖ్యాత మతం.

రచనాకాలం

నన్నయకు ముందెవరు, తిక్కన ఎప్పుడు అని పండితులు తర్జనభర్జన పడతారు గాని, ఈ కవి తన కాలాన్ని స్వయంగా నాలుగంకెల్లో చెప్పుకున్నాడు. డీఓటీ అని మొదలయ్యే వరుస చివర 2324 అని ఉంటే 2024లో ఇరవై మూడో వారం. రెండేళ్ల కిందటిదాన్ని "కొత్త స్టాకు" అని అమ్మితే ఈ నాలుగంకెలే సాక్ష్యం. అయితే తేదీ చాలా టైర్ల మీద ఒక గోడకే ఉంటుంది, ఆ గోడ ఎక్కువసార్లు లోపలి వైపుకే పోతుంది. నాలుగు చక్రాలూ బిగించి, జాకీ దించి, బిల్లు చేతిలో పెట్టాక తేదీ ఎక్కడని అడిగితే "లోపలి పక్కనుంది సార్" అంటారు. కనుక టైరు ఇంకా గోడకు ఆనించి ఉన్నప్పుడే, రెండు పక్కలా తిప్పి చదవాలి. దుకాణం కుర్రాడు విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి.