పొద్దున అంకోర్‌వాట్, మధ్యాహ్నం అనాథలు

దానం చేయాలన్న బుద్ధి పుట్టడం ఒక ఎత్తు, ఎక్కడ చేయాలో తేల్చుకోవడం ఇంకో ఎత్తు. అపాత్రదానం కూడదని మన పెద్దలు చిన్నప్పటి నుంచీ నూరిపోశారు. కుండ కొనేటప్పుడే వేలితో తట్టి మోత విని కొంటాం. అలాంటిది డాలర్లు పోసేటప్పుడు చూసుకోవద్దూ? మన ఊళ్లో అనాథాశ్రమానికెళ్లి పుట్టినరోజు కేకు కోసి, పులిహోర పంచి, బ్యానరు ముందు నిలబడటం ఇప్పుడు అందరూ చేసేదే. అందులో కొత్తేముంది? పరదేశంలో, మన భాష రాని పిల్లల మధ్య, అవసరం ఎక్కడ ఎక్కువుందో స్వయంగా పరిశీలించి ఇవ్వడం వేరు. ఆ పరిశీలనకు బయల్దేరేవాళ్ల కోసమే ఈ సూచనలు. నేనూ ఒకసారి వెళ్లొచ్చినవాణ్ణే కాబట్టి కొంత అధికారంతోనే చెబుతున్నాను.

దేశాలు చాలా ఉన్నాయి గానీ, మొదటిసారి వెళ్లేవాళ్లకు కంబోడియా అనుకూలం. వియత్నాం ప్యాకేజీకి ఎలాగూ అతుక్కుని వస్తుంది. సియెమ్ రీప్‌లో దిగితే, సూర్యోదయం చూపిస్తామని తెల్లవారుజామున నాలుగున్నరకే లేపి అంకోర్‌వాట్ కోనేటి గట్టున నిలబెడతారు. పదింటికల్లా ఎండ మాడ్చేస్తుంది, గుడి చూడటం అయిపోతుంది. రాత్రి పబ్ స్ట్రీట్‌కి వెళ్లేదాకా ఒక మధ్యాహ్నం పూర్తిగా ఖాళీ. మన కరుణకు ముహూర్తం అదే.

సౌకర్యాలు చూడండి. గుడికి ఒకరోజు టికెట్టు 37 డాలర్లు, దానిమీద మీ ఫోటో కూడా ఉండాలి. పిల్లలున్న ఆశ్రమానికి టికెట్టు లేదు, గుర్తింపు కార్డు అడిగేవాడూ లేడు. గుడిలో గోడమీది రాతి అప్సరసను ముట్టుకోకూడదు, చేతి చెమటకు శిల్పం అరిగిపోతుందట. ఇక్కడ అప్సర వేషం కట్టిన ఎనిమిదేళ్ల పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకున్నా ఎవరూ ఏమీ అనరు. దారి కూడా వెతుక్కోనక్కర్లేదు. టుక్‌టుక్ ఎక్కి ముఖం కాస్త జాలిగా పెట్టండి, అతనే తీసుకెళ్తాడు.

ఇక పాత్రత నిర్ణయించడం. దీనికి మన దగ్గర తరతరాలుగా నలిగిన పద్ధతి ఒకటుంది: పెళ్లిచూపులు. అరగంట కూర్చుంటారు, పిల్ల చేత పాడిస్తారు, నడిపిస్తారు, లోపలి గదిలో ఏముందో అడగరు, వస్తూ వస్తూ మనసులో నిర్ణయం చేసేసుకుంటారు. అచ్చం అలాగే చేయండి. తేడా ఒక్కటే. పెళ్లిచూపుల్లో ఉన్నంతలో బాగా కనిపించాలని చూస్తారు, ఇక్కడ ఉన్నంతలో అధ్వానంగా కనిపించాలని చూస్తారు. కారే కప్పు, చిరిగిన పరుపు, చెప్పుల్లేని కాళ్లు చూసి మార్కులేయండి. ఎక్కడ మార్కులు ఎక్కువ పడితే అక్కడ ఇవ్వండి.

కప్పు బాగు చేయించుకున్న పిచ్చివాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకు మీరెలాగూ ఇవ్వరు. ఈ సంగతి నడిపేవాళ్లకు మీకంటే ముందే తెలుసు. అందుకే పోయినేడు ఎవరో ఇచ్చిన చెప్పులు బీరువాలో భద్రంగా ఉంటాయి. వచ్చే బస్సువాళ్లకు పిల్లలు చెప్పుల్లేకుండా కనపడాలి కదా.

లెక్కలంటే ఇష్టమున్నవాళ్లకు ఒక మాట. 1975 నుంచి 1979 దాకా ఖ్మేర్ రూజ్ పాలనలో ఆ దేశంలో లక్షల మంది చచ్చిపోయారు. నిజంగా దిక్కులేని పిల్లలు అప్పుడు మిగిలారు. వాళ్లలో చాలామందికిప్పుడు యాభై దాటాయి, మనవల్ని ఎత్తుకుంటున్నారు. యుద్ధం ముగిసింది, బట్టల ఫ్యాక్టరీలు వచ్చాయి, పేదరికం తగ్గింది. మరి 2005లో 154 ఉన్న ఆశ్రమాలు 2010 నాటికి 269 ఎందుకయ్యాయి? అదే అయిదేళ్లలో ఆ దేశానికొచ్చిన విదేశీ యాత్రికులు ఏడాదికి 14 లక్షల నుంచి 25 లక్షలయ్యారు. రెండూ ఇంచుమించు ఒకే నిష్పత్తిలో పెరిగాయి. అనాథలు పెరగడానికి తల్లిదండ్రులు పోనక్కర్లేదు, విమానాలు దిగితే చాలు. 2011లో ప్రభుత్వమూ యునిసెఫ్ కలిసి చూస్తే ఆ పిల్లల్లో నలుగురికి ముగ్గురు అమ్మో నాన్నో బతికున్నవాళ్లే. ఇలాంటి అంకెలు యాత్రకు ముందు చదవకండి. ప్యాకేజీ డబ్బులు వాపసు ఇవ్వరు.

మరీ ఉత్సాహవంతులు టోన్లే సాప్ సరస్సు మీద తేలే ఊళ్లకు వెళ్లొచ్చు. దారిలో పడవ ఒక దుకాణం దగ్గర ఆగుతుంది. "పిల్లలకు బియ్యం కొంటారా?" అని అడుగుతారు. మా బృందంలో ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారున్నారు, జీవితంలో ఎవరికీ ఒక్క మార్కు ఎక్కువ వేసిన మనిషి కాదు. ఆయన బస్తా ధర రెండుసార్లు అడిగి, మనసులో గుణించుకుని, "మాస్టారూ, ఇదేం ధరండీ, మన సోనామసూరి నయం కదా" అని నేనంటుంటే, "దానం దగ్గర బేరమేమిటయ్యా, పాపం" అని నన్ను కసిరి కొన్నారు. బస్తా పిల్లల దగ్గరికి వెళ్లింది, ఫోటో తీశాం. తిరిగొచ్చేటప్పుడు అదే దుకాణంలో, కుట్టు దగ్గర నీలం మరకున్న బస్తా ఒకటి కనిపించింది. మేం కొన్నదానికీ నీలం మరకే. మాస్టారు చూశారు. చూసి చెరువులో కొంగల వైపు తిరిగారు. మీరూ కొంగల్నే చూడండి. అక్కడ పక్షులు నిజంగానే బావుంటాయి.

ఆశ్రమంలోకి అడుగు పెట్టగానే పిల్లలు పరుగెత్తుకొచ్చి చుట్టుకుంటారు. ఒకడు చంక ఎక్కుతాడు, ఒకతి చెయ్యి వదలదు. ఇదే మీ యాత్ర మొత్తానికి గొప్ప ఘట్టం. కళ్లు చెమరుస్తాయి, చెమర్చనివ్వండి. మీ మనవడు మాత్రం ఏడాది వయసులో మీ దగ్గరికే రావడానికి వారం పట్టింది. అమ్మ కొంగు పట్టుకుని గుక్కపట్టాడు. వాడికి కొత్త ఎక్కువని కోడలు సర్దిచెప్పింది. కొత్త ఉన్న పిల్లకు తనవాళ్లెవరో తెలుసు. కొత్త లేని పిల్లకు వచ్చేవాళ్లందరూ ఒకటే, పోయేవాళ్లందరూ ఒకటే. రొమేనియాలో నియంత చౌషెస్కూ పడిపోయాక ఆశ్రమాల్లో బయటపడ్డ పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించిన పరిశోధకులు, ముక్కూమొహం తెలియని వాళ్లను ఇలా వాటేసుకోవడాన్ని గాయానికి గుర్తుగా రాసుకున్నారు. మీరు ప్రేమ అని రాసుకోండి. ఫేస్‌బుక్కులో గాయానికి లైకులు రావు.

అడగాల్సిన ప్రశ్నలూ అడగకూడనివీ ఉంటాయి. నీళ్ల ట్యాంకు ఎన్ని లీటర్లు, జనరేటరుందా, కంప్యూటర్లెన్ని అని అడగండి, వాళ్లకూ సంతోషం. "ఈ పిల్ల వాళ్లమ్మ ఎక్కడుంది?" అని అడక్కండి. "నిరుడు ఎంతమందిని ఇంటికి పంపారు?" అని అసలే అడక్కండి. ఆసుపత్రికి వెళ్లి, ఎంతమందికి నయమై ఇంటికెళ్లారో అడిగితే మర్యాద. ఇక్కడ అమర్యాద. రాత్రిపూట పిల్లల గదుల దగ్గర ఎవరుంటారు, నెల రోజులు పాఠాలు చెప్పడానికొచ్చే విదేశీయుల పోలీసు రికార్డు ఎవరు చూస్తారు అనేవి మీ తెలుగు సభల్లో మాట్లాడుకోవడానికి బావుంటాయి. అక్కడ అడిగితే టీ చల్లారిపోతుంది.

కాగితాలు చూపించమంటే మాత్రం వెంటనే చూపిస్తారు. నమ్మేయండి. నేపాల్లో మావోయిస్టుల యుద్ధం నడిచిన 1996–2006 మధ్య, హుమ్లా లాంటి మారుమూల జిల్లాల నుంచి దళారులు పిల్లల్ని కఠ్మాండూ తెచ్చారు. బోర్డింగు బడిలో చేర్పిస్తామని తల్లిదండ్రుల దగ్గరే డబ్బు పుచ్చుకుని మరీ తెచ్చారు. కొందరి తల్లిదండ్రులు చనిపోయినట్టు ధ్రువపత్రాలు పుట్టాయి. పొలంలో బార్లీ కోసుకుంటున్న మనిషికి పట్నంలో మరణ ధ్రువీకరణ అయిపోయింది. సరిచూసుకోవాలంటే హుమ్లాలోని సిమికోట్ దాకా చిన్న విమానంలో వెళ్లి, అక్కణ్ణుంచి కొండలెక్కి నడవాలి. మన ప్యాకేజీలో నడక ఉండదు. ఇంకో విచిత్రం: నేపాల్లో అప్పటికి జిల్లాలు 75 ఉంటే, ఆశ్రమాల్లో నూటికి తొంభై యాత్రికులు తిరిగే అయిదు జిల్లాల్లోనే ఉండేవి. అనాథలు మంచి హోటళ్లున్న చోటే దొరుకుతారు.

పరాయి దేశం సంగతి మనకెందుకులెమ్మని అనుకోనక్కర్లేదు, ఈ విద్య మనకూ వచ్చు. 1999లోనూ 2001లోనూ హైదరాబాదులో దత్తత కేంద్రాల మీద కేసులు పడ్డప్పుడు, దేవరకొండ వైపు లంబాడీ తండాల్లో ఆడబిడ్డల్ని కొద్ది డబ్బుకు కొని, విదేశాల దత్తతకు సిద్ధం చేసిన సంగతి పత్రికలన్నీ రాశాయి. అప్పుడు డాలర్లు తెచ్చి బిడ్డను ఎత్తుకెళ్లినవాళ్లలో మంచివాళ్లే ఎక్కువ. కాగితం చూసి, నమ్మి, ఏడ్చి తీసుకెళ్లారు. వాళ్లనెందుకు తప్పుపట్టాలి, వాళ్లూ పరిశీలించుకునే వచ్చారు కదా.

డల్లాస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లకు ప్రత్యేక సూచన. పిల్ల పదకొండో తరగతికి వచ్చిందంటే కాలేజీ అప్లికేషన్‌లో రాసుకోవడానికి కాస్త కష్టం చూసి ఉండాలి. మన ఇళ్లలో కష్టం దొరకదు గనక మూడు వారాలకు కొనుక్కోవాలి. ఇంగ్లీషు చెప్పడానికి టీచర్ ట్రెయినింగేమీ అక్కర్లేదు, చిట్టి పద్యం పాడిస్తే చాలు. అదే పద్యం అంతకుముందు నెలలో వచ్చినమ్మాయి పాడించింది, వచ్చే నెల వచ్చేదీ పాడిస్తుంది. పిల్లలకు విసుగు వచ్చినా పైకి కనిపించనివ్వరు, అది వాళ్ల ఉద్యోగం. ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్లు మాత్రం కొంచెం మెల్లగా మాట్లాడండి. అక్కడ 2018లో ఆధునిక బానిసత్వం మీద చట్టం తెచ్చినప్పుడు, పిల్లల్ని ఇలా ఆశ్రమాలకు తరలించడాన్ని కూడా బానిసత్వం కిందే లెక్కకట్టారు.

అన్నట్టు, సియెమ్ రీప్‌లో మీకొక పోస్టరు కనిపించవచ్చు. అద్దాల పెట్టెలో పిల్లలు, చుట్టూ కెమెరాలతో యాత్రికులు. పిల్లలు చూడటానికి పెట్టిన వింతలు కారు అని రాసి ఉంటుంది. ఫ్రెండ్స్ ఇంటర్నేషనల్ అనే సంస్థ 2011లో మొదలుపెట్టిన ప్రచారం అది. వాళ్లు చెప్పేది వింటే యాత్ర చెడిపోతుంది. పిల్లకు కాదు, పిల్ల తల్లికి పని చూపించండి అంటారు. కుట్టు నేర్పించండి, వంట నేర్పించండి, బడి ఫీజు కట్టండి, పిల్ల తన ఇంట్లోనే పడుకుంటుంది అంటారు. ఖర్చు కూడా అదే తక్కువ. టాంజానియాలోని కాగెరా ప్రాంతంలో ప్రపంచ బ్యాంకు వేసిన లెక్కలో ఆశ్రమంలో ఒక పిల్లకు ఏడాదికి వెయ్యి డాలర్ల పైనే అయింది, అదే ఒక పెంపుడు కుటుంబంలో పెంచితే అయ్యేదానికి సుమారు ఆరు రెట్లు.

అంటే అవసరం ఎక్కువున్న చోటు సియెమ్ రీప్‌కి యాభై మైళ్ల అవతల, వరిచేలో, కర్రల మీద నిలబెట్టిన తాటాకు గుడిసెలో ఉందన్నమాట. అక్కడికి టుక్‌టుక్ వెళ్లదు. అక్కడ ఎవరూ డాన్సు చేయరు. ఒకామె వడ్డీ వ్యాపారికి కట్టాల్సిన వాయిదా లెక్కపెట్టుకుంటూ ఉంటుంది. ఆవిణ్ణి ఫోటో తీస్తే ఏమొస్తుంది?

ఫోటో అంటే గుర్తొచ్చింది, చివరి జాగ్రత్త. గ్రూపు ఫోటో తీశాక వాట్సాప్‌లో పెట్టేముందు అంచులు చూసుకోండి. నా దాంట్లో పదకొండు మంది పిల్లలు, మధ్యలో మేం, మాస్టారి చేతిలో తాపేశ్వరం కాజాల పెట్టె. ఎడమవైపు చివర ఒకామె వచ్చి పడింది. చేతిలో దువ్వెన, ఒక పిల్ల జడకు రబ్బరు వేస్తూ వంగి ఉంది. ఆమె ఎవరని గైడును అడిగితే "వంటామె" అన్నాడు. మేం బస్సెక్కేటప్పుడు ఆ పిల్ల ఆమెను "మే" అని పిలిచింది. ఖ్మేర్‌లో ఆ మాటకు అర్థం అడిగితే అతను మైకు సరిచేసుకుని హోటల్లో రాత్రి భోజనం ఎన్నింటికో చెప్పాడు. ఇద్దరికీ నుదురు ఒక్కలాగే ఉంది, మధ్యలో కొంచెం ముందుకొచ్చి. ఫోటో బాగానే వచ్చింది. ఆమె మోచెయ్యి పక్కగా కట్ చేస్తే సరిపోతుంది. పిల్ల చెవి మీద దువ్వెన పళ్లు రెండు మిగులుతాయి గానీ, అంత చిన్న తెర మీద ఎవరికీ కనపడవు.