గైడుకు గైడు

పత్తి మొదటి తీత అయిపోయి, మిరప ఇంకా పూత పిందె మీద ఉన్న కార్తీక మాసంలో ఆయన బస్సు మాట్లాడతాడు. అద్దంకి వైపు, నరసరావుపేట వైపు, ఏ ఊరికి ఆ ఊళ్లో ఇలాంటివాడు ఒకడు ఉంటాడు. పేరుతో పని లేదు, టూరు పెద్దాయన అంటే అందరికీ తెలుస్తుంది. అరవై దాటిన వయసు, ఇస్త్రీ చెడని తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. వాటిలో ఒకటి రాయదు, అడిగినవాళ్లకు ఇవ్వడానికి ఉంచుకున్నది. డ్రైవరు పక్క సీటు ఆయనది. మాచర్ల దారి డ్రైవరుకు తెలిసినా సరే, మలుపు మలుపుకీ చెయ్యి ఊపుతుంటాడు.

కార్యక్రమం ఏటా ఒకటే. మాచర్ల చెన్నకేశవస్వామి, ఎత్తిపోతల, అనుపు, ఆ తర్వాత విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కి నాగార్జునకొండ. ఒకసారి శుక్రవారం నాడు బయల్దేరదీశాడు. శుక్రవారం కొండమీది మ్యూజియానికి సెలవు. అప్పట్నుంచి ఆ సంగతి లోకానికి మొదట కనిపెట్టి చెప్పింది తానే అన్నట్టు ప్రతివాళ్లకూ చెబుతాడు.

లాంచీలో మొదటి తగాదా లైఫ్ జాకెట్‌తో. "నాకు ఈత వచ్చు బాబూ, గుండ్లకమ్మలో నేర్చుకున్నా" అంటాడు. వేసుకోందే లాంచీ కదలదంటారు. చివరికి మిర్చి టిక్కీకి మూతి కుట్టినట్టు బిగించుకుని కూర్చుంటాడు, పెన్నులు లోపల చిక్కుకుపోయాయని గింజుకుంటూ. ఈలోపు పులిహోర క్యారేజీల మూతలు తెరుచుకుంటాయి. గైడు కుర్రాడు మైకు అందుకుంటాడు.

"ఇప్పుడు మనం వెళ్తున్న ఈ నీళ్ల కింద..." అని కుర్రాడు మొదలుపెడతాడో లేదో, "ఐదు వందల తొంభై!" అని పెద్దాయన అందుకుంటాడు. నాగార్జునసాగర్ నిండు జలాశయం మట్టం అది, అడుగుల్లో. ఇవాళ ఎంత ఉందో ఆయన పొద్దున్నే పేపర్లో చూసి వచ్చాడు. 1955 డిసెంబరు 10న నెహ్రూ వచ్చి శంకుస్థాపన చేశాడని, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలవలకు నీళ్లు వదిలిందని, కుడి కాలవ కింద పదకొండు లక్షల ఎకరాల పైచిలుకు ఆయకట్టు అని గడగడా చెప్పేస్తాడు. కుర్రాడు అప్పజెప్పాల్సింది ఒకప్పుడు ఈ లోయనేలిన ఇక్ష్వాకుల గురించి. మైకు చేతిలో ఉన్నా మాట చేతిలో లేదు.

ఇక్ష్వాకుల దాకా వచ్చేసరికి పెద్దాయన కొంచెం తడబడతాడు, అయినా ఆగడు. ఇక్కడ పెద్ద విద్యాకేంద్రం ఉండేదని గైడు అంటే, "ఇక్కడెక్కడ బాబూ, నాగార్జున యూనివర్సిటీ గుంటూరు-బెజవాడ రోడ్డు మీదుంది. మావాడు అక్కడే పీజీ చేశాడు" అని సరిదిద్దుతాడు. గైడు తలకాయ ఊపుతాడు. ఏటా పది లాంచీల్లో పదిమంది పెద్దాయనలు ఇదే మాట అంటారని అతనికి అనుభవం.

అయితే ఒక విషయంలో ఈయన్ని తక్కువ చేయకూడదు. మ్యూజియంలో బుద్ధుడి కథలు చెక్కిన ఆ లేతాకుపచ్చ ఛాయ రాతి పలకల ముందు అందరూ సెల్‌ఫోన్లు ఎత్తితే, ఈయన కళ్లద్దాలు ఎత్తి రాయిని చూస్తాడు. "ఇది మన పల్నాటి బండేరా! మా ఇంటి అరుగు ఇదే." కుర్రాడు మొదటిసారి సంతోషంగా ఔనంటాడు, నిజంగానే అది పల్నాటి సున్నపురాయి. ఆ క్షణం నుంచి మ్యూజియమంతా పెద్దాయన సొంత ఆస్తి. కాపలావాడు వచ్చి చెప్పేదాకా పలక మీద చెయ్యి తీయడు.

శాసనాల దగ్గర ఇంకో చిక్కు. రాజు వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అశ్వమేధం చేసిన వైదికుడు, మహాచైత్యం కట్టించింది మాత్రం ఆయన చెల్లెలు శాంతిశ్రీ. ఉజ్జయిని రాజు కూతురు రుద్రధర భట్టారిక ఒక స్తంభంతోపాటు నూట డెబ్బై దీనారి మాషకాలు ఇచ్చింది. బోధిశ్రీ అనే ఉపాసిక సింహళ భిక్షువులకు చైత్యగృహం కట్టించింది. పేర్లన్నీ ఆడవాళ్లవే. "అంటే యజ్ఞాల ఖర్చు మొగుళ్లది, చైత్యాల ఖర్చు ఆడవాళ్లది" అని పెద్దాయన లెక్క తేలుస్తాడు. తర్వాత దీనారి మాషకం అంటే ఇప్పటి డబ్బుల్లో ఎంత, దానికి తేజ రకం మిర్చి ఎన్ని టిక్కీలు వస్తాయి అని అడుగుతాడు. వెనకనుంచి ఆయన భార్య, "మీరు ఆ మిర్చి అమ్మిన డబ్బులు నా చేతికిస్తే, చైత్యం సంగతి నేను చూసుకుంటాను" అంటుంది. గైడుతో సహా అందరూ నవ్వారు. చెప్పుకోదగ్గ విషయమేమిటంటే పదిహేడు వందల ఏళ్లనాటి ఆ శాసనాల సారం ఆ బృందంలో అర్థమైంది ఆవిడకే.

ఈ లోయను సూరపరాజు వెంకట్రామయ్య అనే బడిపంతులు గుర్తించడం, 1926లో శాసనశాఖ నుంచి ఎ.ఆర్. సరస్వతి వచ్చి చూడటం, 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం బృందం డ్యాము నీళ్లు రాకముందే తవ్వి తీయాలని పరుగులు పెట్టడం, కొన్ని కట్టడాల్ని రాయిరాయీ విప్పి ఈ కొండమీదికీ అనుపుకీ చేర్చడం... ఈజిప్టులో అబూ సింబెల్ ఆలయాల్ని ఎత్తిపెట్టిన పని దీని తర్వాతే మొదలైంది. కుర్రాడు ఇదంతా చెబుతుంటే పెద్దాయన ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. డ్యాము నీళ్లొస్తే ఏం మునుగుతుందో, ఏం పండుతుందో ఆయనకు తెలిసిన విషయమే.

ఈ పెద్దాయనల్లో పై తరగతి కూడా ఒకటి తయారైంది. అమ్మాయి అమెరికాలో స్థిరపడితే, అల్లుడు మధ్యధరా సముద్రంలో వారం రోజుల ఓడ ప్రయాణానికి టికెట్లు తీస్తాడు. ఓడ టర్కీలో కుషాదసి రేవుకు చేరుతుంది. చొక్కామీద అంకె ఉన్న స్టిక్కరు అంటించి, ఎఫెసస్‌కు బస్సెక్కిస్తారు. అంకె పట్టుకుని పిలిస్తే కదలడం పెద్దాయనకు గిట్టదు. పిలవాల్సినవాడు తనే అని ఆయన భావన. ప్రపంచ ఏడు వింతల్లో ఒకటైన ఆర్టెమిస్ ఆలయం అంటూ గైడు చూపించిన చోట ఒకే ఒక్క స్తంభం, దాని నెత్తిమీద కొంగ గూడు. "అనుపులో నయం కదే" అంటాడు భార్యతో. ఒకప్పుడు ఇది సముద్రపు రేవు అనీ, నది తెచ్చిన ఒండ్రుతో రేవు పూడిపోయి ఊరు పాడుబడిందనీ గైడు చెప్పేసరికి ఒక్కసారిగా ప్రాణం లేచి వస్తుంది. "ఏటా పూడిక తీయించలేదా మరి? కాంట్రాక్టరు ఎవరు?" అల్లుడు ఇంగ్లీషులోకి మార్చి అడగడానికి కాసేపు తటపటాయిస్తాడు. కాలవ చివరి భూముల రైతుకు ఒక మహానగరం ఎలా చచ్చిపోతుందో వివరించనక్కర్లేదు.

మళ్లీ మన లాంచీలోకి వస్తే, హారన్ మోగింది. తిరుగు ప్రయాణంలో గైడు ఎవరికైనా సందేహాలున్నాయా అన్నాడు. పెద్దాయన లేచి నిలబడ్డాడు, జాకెట్టు మళ్లీ బిగించుకుని. ఇక్ష్వాకుల గురించే అడుగుతాడని కుర్రాడు మొహం వెలిగింది.

"ఈ ఏడు అద్దంకి బ్రాంచికి ఎన్నాళ్లు ఇస్తారు బాబూ?"

చీకటి పడేవేళ బస్సు కుడి కాలవ మొదలు దగ్గర ఆగింది, జాబితాలో లేని చోట. పెద్దాయన చెప్పులు విప్పి దిగాడు. మ్యూజియంలో విప్పమన్నా విప్పేవాడు కాదేమో. మెట్ల పక్కన వంగి ఖాళీ మంచినీళ్ల సీసాలో కాలవ నీళ్లు పట్టి, మూత గట్టిగా తిప్పి, బస్సెక్కి భార్య చేతికిచ్చాడు.

"జాగ్రత్తగా పెట్టు. ఈసారి మన చేలోకి చేరేది ఇంతే."