రిబ్బను కత్తిరించాక

డెన్మార్క్‌లో ఆల్బోర్గ్ అనే ఊళ్ళో ఒక ఆధునిక కళా మ్యూజియం ఉంది. 2021లో ఆ మ్యూజియం వాళ్ళు యెన్స్ హానింగ్ అనే కళాకారుణ్ణి పిలిచి, ఇదివరకు చేసిన పనే మాకోసం మళ్ళీ చేసిపెట్టమన్నారు. ఒక డేనిష్ మనిషి ఏడాదికి ఎంత సంపాదిస్తాడు, ఒక ఆస్ట్రియా మనిషి ఎంత సంపాదిస్తాడు అన్నది అసలు నోట్లతోనే ఫ్రేముల్లో అతికించి చూపించడం ఆ పని. నోట్లు కావాలి గనక 5,32,549 క్రోనర్లు, అంటే మన లెక్కలో సుమారు 60 లక్షల రూపాయలు, మ్యూజియమే అప్పిచ్చింది. ఆయన రెండు ఖాళీ ఫ్రేములు పంపించాడు. ఈ కొత్త కళాఖండానికి పేరు కూడా పెట్టాడు: ‘డబ్బు తీసుకుని పారిపో’.

ఈ వార్త విని యూరప్ ముక్కున వేలేసుకుంది. మన జిల్లాల్లో మాత్రం ఎవరూ ఆశ్చర్యపోయి ఉండరు. ఎస్టిమేటు వేయించి, ఎం.బుక్ రాయించి, బిల్లు పాస్ చేయించుకుని, వెయ్యని సీసీ రోడ్డును వేసినట్టు చూపించగల కళాకారులు మనకు మండలానికి పదిమంది తేలతారు. పాపం, చేసిన పనికి పేరు పెట్టి కింద సంతకం చేసే ధైర్యం లేదు, అదొక్కటే లోపం. ఇంకో తేడా కూడా ఉందనుకోండి. 2023లో కోపెన్‌హాగెన్ కోర్టు హానింగ్‌ను 4,92,549 క్రోనర్లు వెనక్కి కట్టమంది. ఆయనకు రావలసిన ఫీజు 40 వేలు మినహాయించి మరీ లెక్క తేల్చింది. ఖాళీ ఫ్రేమైనా కూలి కూలే, అప్పు అప్పే. మన దగ్గర వ్యవహారం తీర్పు దాకా వెళ్ళేసరికి ఫ్రేమును చెదలు తినేసి ఉంటాయి.

ఇలాంటి కథ చెప్పగానే మన పెద్దమనుషులు చేతులెత్తేస్తారు. ‘ఈ మోడరన్ ఆర్టు మనకర్థం కాదండీ’ అంటారు. తెలియనితనాన్ని ఇంత హుందాగా ప్రకటించుకునే అవకాశం ఇంకే శాస్త్రంలోనూ దొరకదు. వెంటనే ఇంకో మాట: ‘మా మనవడు ఇంతకన్నా బాగా గీస్తాడు.’ నిజమే, గీసేవాడు. ఆ పిల్లాణ్ణి ఆరో తరగతిలో డ్రాయింగ్ మాన్పించి ఐఐటీ ఫౌండేషన్ బ్యాచ్‌లో పడేసిందెవరో కూడా చెబితే బాగుండేది.

అర్థం కాకపోవడం మనకొక్కళ్ళకే వచ్చిన జబ్బు కాదు. లండన్‌లో టేట్ గ్యాలరీ 1972లో కార్ల్ ఆండ్రె అనే అమెరికన్ శిల్పి దగ్గర 120 ఇటుకలు కొంది. రెండు వరసలుగా నేలమీద పేర్చిన మామూలు బట్టీ ఇటుకలు. 1976లో ఆ సంగతి పేపర్లకెక్కి, జనం సొమ్ముతో ఇటుకలు కొంటారా అని దేశమంతా గగ్గోలు పెట్టింది. దానికి ముందు కథ ఇంకా రుచిగా ఉంటుంది. 1966లో ఆ శిల్పాన్ని కొనే నాథుడు లేక ఆండ్రె ఆ ఇటుకలను అమ్మినవాళ్ళకే తిరిగిచ్చేశాడు. టేట్ అడిగే నాటికి ఆ బట్టీ మూతపడింది. వేరే ఇటుకలు తెచ్చి పేర్చాడు. ఇంత అల్లరి జరిగినా టేట్ వాటిని గోడౌన్‌లో పారేసి చేతులు దులుపుకోలేదు. ఎందుకు కొన్నామో చెబుతూనే ఉంది, చూపిస్తూనే ఉంది. వాళ్ళ ఇటుకలు నాకూ పెద్దగా నచ్చవు. కానీ కొన్నదాని పక్కన నిలబడి సమాధానం చెప్పుకున్నారే, అది నచ్చుతుంది.

ఇక మన వైభవం. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం సాహిత్య, సంగీత నాటక అకాడమీలతో పాటు ఆంధ్రప్రదేశ్ లలిత కళా అకాడమీనీ ఒక్క వేటుతో రద్దు చేసింది. 1985లో తెలుగు విశ్వవిద్యాలయం పెట్టి, అవన్నీ ఇందులో కలిశాయన్నారు. పాలలో పంచదార కలిస్తే కనీసం తీపైనా తగలాలి. అలాగని ఆ ప్రభుత్వానికి కళంటే గిట్టదనుకునేరు. ట్యాంక్‌బండ్ మీద 33 మంది తెలుగు ప్రముఖుల విగ్రహాలు నిలబెట్టింది అదే, హుస్సేన్‌సాగర్ మధ్యలో ఏకశిలా బుద్ధుణ్ణి తలపెట్టిందీ అదే. గిట్టనిది కమిటీ, సభ్యత్వం, మీటింగులో లేచి ‘అదేంటండీ’ అనే కళాకారుడు. విగ్రహం లేచి అడగదు. ఈ సౌకర్యం కనిపెట్టాక ఏ పార్టీ వచ్చినా మన కళావిధానం మారలేదు. నాలుగు రోడ్లు కలిసిన చోటల్లా ఒక నాయకుడు వేలు చూపిస్తూ నిలబడ్డాడు. ఆ వేలు ఎటు చూపిస్తోందో అర్థం కాలేదని ఇంతవరకూ ఒక్కరూ ఫిర్యాదు చెయ్యలేదు.

అసలు మన ప్రభుత్వాలకు నైరూప్య చిత్రకళ రాదని ఎవరన్నారు? ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ ఆఫీసులకు పార్టీ రంగులు పూశారని గొడవై, 2020 మార్చిలో హైకోర్టు తీసెయ్యమంది. సుప్రీంకోర్టూ అదే మాటంది. ఏప్రిల్‌లో ప్రభుత్వం జీవో 623 ఇచ్చింది. ఉన్న రంగులకు మట్టిరంగు ఒకటి కలిపి, ఒక్కో రంగుకు భావం విప్పి చెప్పింది. మట్టిరంగు నేలకు గుర్తట, పచ్చ పంటకు, నీలం నీటికి, తెలుపు పాలకు. ఇంత వివరంగా, ఇంత కవితాత్మకంగా రంగులను వ్యాఖ్యానించిన పత్రం తెలుగునాట ఏ గ్యాలరీ గోడమీదా నేను చూడలేదు. దాన్ని రాసిన అధికారి ఎవరోగానీ, ఆయన కూర్చోవలసింది పంచాయతీరాజ్ శాఖలో కాదు, ఏదైనా మ్యూజియంలో. హైకోర్టు ఆ జీవోనూ కొట్టేసింది. జూన్‌లో సుప్రీంకోర్టు నాలుగు వారాల్లో రంగులు చెరిపెయ్యమంది. ఒక కళాప్రక్రియను రెండు కోర్టులు కలిసి మొగ్గలోనే తుంచేశాయి.

తెలంగాణ వెనకబడుతుందా? 2024 డిసెంబర్ 9న సచివాలయంలో కొత్త తెలంగాణ తల్లిని ఆవిష్కరించారు. పాత విగ్రహానికి కిరీటం ఉంది, చేతిలో బతుకమ్మ ఉంది. కొత్త విగ్రహానికి ఆకుపచ్చ చీర, చేతిలో పంట కంకులు. ఇంకేముంది, టీ కొట్టు నుంచి అసెంబ్లీ దాకా అందరూ కళావిమర్శకులైపోయారు. చీర రంగు మీద, నగల బరువు మీద, చేతి ముద్ర మీద, ముఖంలో ఎవరి పోలికలున్నాయన్న దాని మీద వారాల తరబడి చర్చ. ఆమోదించిన రూపం తప్ప ఇంకో రూపంలో చూపించకూడదని దానికీ ఒక జీవో. ‘ఆర్టు మనకర్థం కాదండీ’ అన్న పెద్దమనుషులే టీవీల్లో కూర్చుని గంటలకొద్దీ మాట్లాడారు. అర్థం కాకపోవడమనేది ఓట్లు లేని బొమ్మలకే వస్తుందని నాకప్పుడు తెలిసింది.

ధర పలికిన బొమ్మలూ బాగానే అర్థమవుతాయి. 1954లో ఎం.ఎఫ్.హుస్సేన్ ‘గ్రామ్ యాత్ర’ అని ఓ పెద్ద చిత్రం వేశాడు. ఢిల్లీలో పనిమీద ఉన్న నార్వే డాక్టరొకాయన దాన్ని కొనుక్కుపోయాడు. తర్వాత అది ఓస్లో ఆస్పత్రికి చేరి, దశాబ్దాలపాటు అక్కడి గోడమీదే వేలాడింది. 2025 మార్చిలో న్యూయార్క్ వేలంలో ఇంచుమించు 118 కోట్ల రూపాయలు పలికింది. మర్నాటి పొద్దుటికల్లా మన వాట్సాప్ గ్రూపుల్లో అందరికీ హుస్సేన్ గీత అర్థమైపోయింది. తమాషా ఏమిటంటే ఢిల్లీలో లలిత కళా అకాడమీ, జాతీయ ఆధునిక కళా మ్యూజియం రెండూ పుట్టింది ఆ 1954లోనే. ఆ మ్యూజియానికి 1996లో ముంబైలో ఒక శాఖ వచ్చింది, 2009లో బెంగళూరులో ఇంకోటి. బెంగళూరు దాకా వచ్చినవాళ్ళకు హైదరాబాద్ రైలు దొరకలేదు కాబోలు.

దొరికితే మాత్రం టిక్కెట్‌కు డబ్బులేవి? 2025-26 కేంద్ర బడ్జెట్ 50 లక్షల 65 వేల కోట్లు. సంస్కృతి శాఖ వాటా 3,360 కోట్లు. నూరు రూపాయల్లో ఏడు పైసలు కూడా లేదు. ఆ పైసల్లోంచే పురావస్తు తవ్వకాలు, మ్యూజియాలు, గ్రంథాలయాలు, అకాడమీలు, మహనీయుల జయంతులు. అడుగున మిగిలింది బతికున్న కళాకారుడికి. ఆ శాఖ ఇచ్చే సీనియర్ ఫెలోషిప్ నెలకు 20 వేలు, జూనియర్ అయితే పదివేలు, అదీ రెండేళ్ళే, విడతలుగా. హైదరాబాద్‌లో గది అద్దె కట్టి, కాన్వాసూ రంగులూ కొని, కొత్త ఆలోచన చెయ్యడానికి ఆ డబ్బు ఎలా సరిపోతుందో ఎవరైనా ఇన్‌స్టలేషన్‌గా చేసి చూపిస్తే బాగుంటుంది.

ఇక ప్రదర్శన ప్రారంభోత్సవం. పదిన్నరకని కార్డు వేస్తారు, మంత్రిగారు ఒంటిగంటకు వస్తారు. జ్యోతి, శాలువా, మెమెంటో, రిబ్బను. ఆ తర్వాత గ్రూపు ఫొటో. ఈసారి ఆ ఫొటో జాగ్రత్తగా చూడండి. హాల్లో ఉన్న ప్రతివాళ్ళూ బొమ్మలకు వీపు పెట్టి నిలబడి ఉంటారు. మంత్రిగారు పొరపాటున వెనక్కి తిరిగి ‘ఇదేంటయ్యా?’ అంటే అధికారి ‘ఆర్టిస్టు బైటికెళ్ళాడు సార్’ అంటాడు. ఆర్టిస్టు నిజంగానే బైట ఉంటాడు, వీఐపీల కోసం కుర్చీలు సర్దుతూ. భోజనాలయ్యాక హాల్లో మిగిలేది వాచ్‌మన్. ఆయనకు వచ్చిన కళావ్యాఖ్యానం ఒక్కటే: ‘ముట్టుకోవద్దు.’

నిజానికి తెలుగునాట బొమ్మ ఎప్పుడూ ఒంటరిగా ఊళ్ళోకి రాలేదు. చేర్యాల నకాషీలు గీసిన బారెడు పటాన్ని పట్టుకుని కూనపులివాళ్ళు పద్మశాలీల ఊళ్ళకు వచ్చేవాళ్ళు, కాకిపడగలవాళ్ళు ముదిరాజుల ఊళ్ళకు వచ్చేవాళ్ళు. పటం విప్పుతూ, వేలితో చూపిస్తూ, పాడుతూ కథ చెప్పేవాళ్ళు. ఎవరికి ఏ ఊరో మిరాశీ ప్రకారం ముందే తెలుసు. కులంవాళ్ళు ధాన్యమో డబ్బో ఇచ్చి పంపేవాళ్ళు. ఫారం లేదు, మూడు ప్రతులు లేవు, గెజిటెడ్ సంతకం లేదు. ఇంతకన్నా పద్ధతైన కళాపోషణ సంస్థ మనకింకా పుట్టలేదు.

ఇది పాతకాలపు పటాలకే చెల్లుతుందనుకోకండి. రామ్‌మనోహర్ లోహియా మాట మీద, హైదరాబాద్‌లో బద్రివిశాల్ పిత్తి అండతో హుస్సేన్ ఏళ్ళ తరబడి రామాయణ చిత్రాలు వేశాడు. రవివర్మ కేలండర్ రాముడు కాదు, హుస్సేన్ రాముడు, విరుపు గీతలతో. వాటిని ఎడ్లబండి మీద హైదరాబాద్ చుట్టుపక్కల ఊళ్ళకు తీసుకెళ్ళి పరిచారు, పక్కన కథ చెప్పే మనిషి ఉన్నాడు. కన్ను ఎక్కడుంది, ఇతను రాముడని ఏమిటి రుజువు అని ఒక్కరూ అడగలేదని హుస్సేనే తర్వాత చెప్పుకున్నాడు. బడి మెట్లెక్కని రైతుకు ఎక్కిన బొమ్మ ఎమ్మే చదివినవాడికి ఎందుకెక్కదో ఎవరైనా అకాడమీ వేసి తేల్చాలి. వద్దులెండి, దానికో చైర్మన్ వస్తాడు.

చిత్రకారుడు దామెర్ల రామారావు సంగతీ అంతే. రాజమండ్రి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆ కుర్రాడి బొమ్మలు చూసి, బొంబాయి జె.జె. స్కూల్‌కు వెళ్ళేలా చేశాడు. కూల్డ్రే కళాశాఖ కమిషనర్ కాదు, ఆయన చేతిలో ఏ జీవో లేదు. బొమ్మలు చూసే ఓపికున్న సర్కారీ ఉద్యోగి, అంతే. రామారావు 1925లో 27 ఏళ్ళకే పోయాడు. ఆయన బొమ్మలున్న గ్యాలరీ ఇప్పుడు ప్రభుత్వం చేతిలో, ఆ రాజమండ్రిలోనే ఉంది.

2027లో గోదావరి పుష్కరాలు. ఘాట్లకు, గోడలకు రంగులు ఎలాగూ పూస్తారు, ఒకటో రెండో విగ్రహాలు ఎలాగూ లేస్తాయి. ఏలినవారికి విన్నపం: ఆ ఖర్చులో ఓ మూల నుంచి తీసి, దామెర్ల గ్యాలరీలో బొమ్మల పక్కన నిలబడి మాట్లాడగల ఇద్దరు మనుషుల్ని జీతమిచ్చి పెట్టండి. అక్కడ హైదరాబాద్‌లో మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో ఇవాళ్టి కుర్ర కళాకారుల పనుల పక్కన ఇంకో ఇద్దర్ని. జీతం నెలనెలా ఇవ్వండి. రిబ్బను, శాలువా మేమే కొనుక్కుంటాం.