దొడ్డిదారి సీఎస్ఈ

ఎంసెట్ పేరు ఈఏపీసెట్‌గా మారింది. ర్యాంకు చాలక సీఎస్ఈ దక్కనివాడికి ఇంట్లో చెప్పే ఊరడింపు మాత్రం మారలేదు: “పర్లేదురా, సివిల్‌లో చేరు, కంప్యూటర్ కోర్సులు మధ్యలో చేసుకోవచ్చు.” ఆ మధ్యలో చేసుకునేదే ఓపెన్ ఎలక్టివ్.

రిజిస్ట్రేషన్ మొదలవగానే వాట్సాప్ గ్రూపు నిద్ర లేస్తుంది. రెజ్యూమెలో ఏ పేరు బాగుంటుంది? ఏ సారు మార్కులు ధారాళంగా వేస్తాడు? పాత పేపర్లు రిపీట్ అవుతాయా? ఇంతే విచారణ. ఈ కోర్సు అర్థం కావాలంటే ముందు ఏం వచ్చి ఉండాలని అడిగినవాణ్ణి వింతగా చూస్తారు. పైథాన్ ప్రోగ్రామింగ్ వాళ్ల దృష్టిలో చిన్నపిల్లల వ్యవహారం. డీప్ లెర్నింగ్‌కు మాత్రం సీట్లు మొదటి గంటలోనే అయిపోతాయి.

అందులో చేరినవాడి సరంజామా చూడండి. న్యూరల్ నెట్‌వర్క్ విప్పితే లోపల సింహభాగం మాత్రికల గుణకారమే. మనవాడు మాత్రికలను మొదటి ఏడాది పరీక్ష రాసిన సాయంత్రమే గోదాట్లో కలిపేశాడు. తప్పులను వెనక్కి పంపి బరువులు సరిదిద్దడానికి పాక్షిక అవకలనాలు కావాలి. అవీ అక్కడే కలిశాయి. ఫర్ లూప్ సొంతంగా రాయమంటే దిక్కులు చూస్తాడు కానీ బ్యాక్‌ప్రాపగేషన్ మీద రెండు పేజీల జవాబు, బొమ్మతో సహా, గడగడా రాసేస్తాడు. బాణాలు సరిగ్గా గీస్తే మార్కులూ పడతాయి. అక్షరాభ్యాసం కాకుండానే అష్టావధానం!

ఎలక్టివ్‌తో ఆకలి తీరనివాడికి మైనర్ డిగ్రీ ఉంది. ఏఐసీటీఈ 2018 నమూనా సిలబస్‌లో బీటెక్‌ను 160 క్రెడిట్లకు తెచ్చి, ఇంకో 20 క్రెడిట్లు చేస్తే ఆనర్స్ గానీ మైనర్ గానీ ఇవ్వొచ్చంది. వాటిని ఆన్‌లైన్ కోర్సులతోనూ సంపాదించుకోవచ్చంది. ఉద్దేశం మంచిదే. ఎన్‌పీటెల్ పాఠాలూ మంచివే, ఐఐటీ అయ్యవార్లు చెప్పినవి. అయితే ఆ వీడియోలకన్నా అసైన్‌మెంటు జవాబులు పంచే టెలిగ్రామ్ గ్రూపులే మనవాళ్లకు ఎక్కువ పరిచయం.

కాలేజీలు తక్కువ తినలేదు. 2024-25 నుంచి బాగా నడుస్తున్న కాలేజీలకు బ్రాంచికి ఇన్నే సీట్లన్న పరిమితిని ఏఐసీటీఈ ఎత్తేసింది. సీఎస్ఈ సెక్షన్లు పెంచుకుంటూ పోయిన చోట, మెకానికల్ వాళ్ల ఎలక్టివ్ చెప్పడానికి ఎవరు మిగులుతారో మీరే ఊహించుకోండి. మిగిలినవారికి లూపులు నేర్పడంకన్నా స్లైడ్లు చదవడం సులువు.

కంప్యూటర్ చదువు కానివాళ్లకు ప్రోగ్రామింగ్ నేర్పాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. 1964లో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో కెమెనీ, కర్ట్జ్ అనే ఇద్దరు గణితం ప్రొఫెసర్లు సైన్సు చదవని పిల్లలూ ప్రోగ్రాములు రాసుకోవాలని బేసిక్ భాషను తయారుచేశారు. పాపం, రెజ్యూమెలో బరువుగా కనిపించే పేరు పెట్టాలని వాళ్లకు తట్టలేదు.

సివిల్ పిల్లవాడికి నిజంగా పనికొచ్చేవి వేరే ఉన్నాయి. పదేళ్ల వర్షపాతం లెక్కల్ని పైథాన్‌లో చదివించి గ్రాఫు గీయడం, డేటాబేస్‌ నుంచి కావలసిన వరుసలు ఎస్‌క్యూఎల్‌తో బయటికి లాగడం, దూలం మీద బరువుల లెక్కను ప్రోగ్రాముగా రాసి చేత్తో చేసినదానితో సరిచూసుకోవడం. వీటిలో ఒక్కటి వచ్చినా ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకు నోరు పెగులుతుంది. డీప్ లెర్నింగ్ ఆ తర్వాత ఎప్పుడైనా నేర్చుకోవచ్చు, అదెక్కడికీ పోదు.

ఈసారి రిజిస్ట్రేషన్ పేజీ తెరిచినప్పుడు కోర్సు పేరు దగ్గర ఆగిపోకండి. కింద ప్రీరిక్విజిట్ అన్న వరుస చదవండి. అది ఖాళీగా ఉంటే వెళ్లి సారునే అడగండి. ఆయనా నీళ్లు నమిలితే ఆ కోర్సు వదిలేయండి.