7 ఎంబీల దారిద్ర్యము

కోయంబత్తూరున పీలమేడు మొదలుకొని అవినాశి రోడ్డు పొడవునను, మధురలో నాయకరాజుల నాటినుండి వేరూనిన తెలుగు వీధులయందును, కొన్నియేండ్లుగా మన యువజనులను ఒక వింత దీక్ష పట్టి పీడించుచున్నది. తాతలనాడు మిల్లు యంత్రములను, తండ్రులనాడు మోటారు పంపులను విప్పి బిగించిన వంశములవారు, నేడు ఇంటిలో నిక్షేపముగా నడచుచున్న ఇంటెల్ కంప్యూటరును విప్పకయే చెడగొట్టి, దానిపై ఆపిల్ వారి మాక్ ఓయెస్‌ను ఎక్కించి, అటుపిమ్మట మొండికెత్తిన తెరముందు కూర్చుండి, ప్రాసెసరు కడుపులోనే ఉన్న గ్రాఫిక్స్‌ను మేల్కొలుపుటకై రాత్రులకు రాత్రులు జాగరణము చేయుచున్నారు. ఈ క్రతువునకు లోకములో హాకింతోష్ అని పేరు.

ఆ గ్రాఫిక్స్ సంగతి కొంత విడమరచి చెప్పక తప్పదు. ఏలయన హాస్యమంతయు అందే ఉన్నది. వేఱుగా కార్డు కొననక్కఱ లేకుండ ఇంటెల్ వారు ప్రాసెసరులోనే అమర్చి యిచ్చిన భాగమది. దుకాణమువాడు పెట్టె బిగించి విండోస్ వేసి యిచ్చిననాడు అది కిక్కురుమనక పనిచేసినది. లైనక్స్ వేసికొన్నవారికిని మాఱుపలుకక పనిచేసినది. మాక్ ఓయెస్ ఎక్కిన మరుక్షణమున మాత్రము దానికి స్మృతి తప్పును. ‘ఈ మాక్ గుఱించి’ అను కిటికీని తెఱచి చూచినచో, గ్రాఫిక్స్ అనుచోట 7 ఎంబీ అని కనబడును. ఎనిమిది జీబీల ర్యామ్ గల పెట్టెకు ఏడు ఎంబీల చూపు! కిటికీని మౌసుతో పట్టి లాగినచో అది కీళ్లవాతపు ముసలివానివలె ఆగి ఆగి, ముక్కలు ముక్కలుగా కదలును. అడుగున మెఱయవలసిన డాక్ తన పారదర్శకత్వమును కోల్పోయి మొద్దుబాఱిన పలకయగును. నే నెఱిగిన ఒక గృహమున తల్లి వచ్చి, “ఏమప్పా, నిన్న సినిమా బాగానే వచ్చెనే, ఇప్పుడేమాయె?” అని యడుగగా, కుమారుడు తల యెత్తకయే, “ఇప్పుడిది మాక్ అమ్మా” అని గర్వముగా సెలవిచ్చెను. “అట్లయితే సినిమా రాదా?” అని ఆమె వేసిన ప్రశ్నకు నేటివరకును ఉత్తరము లేదు.

ఈ రోగమునకు విరుగుడు లేకపోలేదు. ఓపెన్‌కోర్ అను బూట్‌లోడరు, లైలూ, వాటెవర్‌గ్రీన్ అను రెండు కెక్స్‌టులు (మాక్ ఓయెస్‌కు అతికించు పొడిగింపులు), వీటన్నిటికిని శాసనపత్రమైన కాన్ఫిగ్ పీలిస్ట్ అను ఫైలు, ఇవి సామగ్రి. ఆ ఫైలులో ఐజీ ప్లాట్‌ఫారం ఐడీ అను గడియొకటి కలదు. యూహెచ్‌డీ 630 గ్రాఫిక్స్ గలవాడు అందులో 3ఇ9బి0007 అను సంఖ్యను వ్రాయవలెను. అదియు ఉన్నదున్నట్లు వ్రాసిన ఫలింపదు, జంటజంటలుగా వెనుకనుండి ముందునకు త్రిప్పి 07009బి3ఇ అని వ్రాయవలెను. ఒక్క అక్షరము తప్పెనా, తెర నల్లబడును. అంతటితో ముగిసెనా? ఆపిల్ డ్రైవరులోని పోర్టుల పట్టికలో డిస్‌ప్లేపోర్టు అని యున్నచోట మన పెట్టెకు హెచ్‌డీఎంఐ ఉన్నచో ఆ పట్టికను సరిదిద్దవలెను. బయాస్‌లో గ్రాఫిక్స్‌కు విడిచిపెట్టు మెమరీయగు డీవీఎంటీ అనుదానిని 64 ఎంబీలకు పెంచవలెను. అది పెంచుటకు వీలులేని బోర్డైనచో, ఉన్న 32తోనే సరిపెట్టుకొనుమని డ్రైవరుకు నచ్చచెప్పు మఱియొక అతుకు వేయవలెను. ఇన్నియు కుదిరిన బ్రాహ్మీముహూర్తమున 7 పోయి 1536 ఎంబీ అని కనబడును. అప్పుడా యువకుని ముఖమున వెలుగు కాంతి చూచి తీరవలసినదే! తాను కొన్ననాడే తనకున్న గ్రాఫిక్స్‌ను తిరిగి సంపాదించుకొన్న ఆనందమది.

వెంటనే ఘోషణ వెలువడును: “అంతయు పనిచేయుచున్నది.” ఈ వాక్యమును నమ్మి ఎవడైన దగ్గఱకు వచ్చెనా, మెల్లమెల్లగా ఉపవాక్యములు బయటపడును. నిద్రబుచ్చిన లేవదట, ఇంటెల్ వైఫై కాబట్టి ఎయిర్‌డ్రాప్ రాదట, హెచ్‌డీఎంఐలో బొమ్మ వచ్చునుగాని శబ్దము రాదట, అప్‌డేటు అను మాట వినబడినచో మాత్రము తాకరాదట. ఇవి తప్ప అంతయు పనిచేయుచున్నది.

వీటన్నిటికంటె నాకు మిక్కిలి వినోదము కలిగించునది పేరుమార్పు. కోయంబత్తూరు గాంధీపురమున బిగించిన ఆ పెట్టె తాను ‘ఐమాక్ 19,1’ అని ఆపరేటింగ్ సిస్టముతో ప్రమాణము చేయవలెను. ప్రమాణమునకు సీరియల్ నంబరు కావలెను గనుక దానిని పుట్టించు ఉపకరణమొకటి కలదు. పుట్టించిన నంబరును ఆపిల్ వారి వారంటీ పేజీలోనే పరీక్షింపవలెనట! ‘ఈ నంబరును మేము పోల్చుకొనలేకున్నాము’ అని వారు జవాబిచ్చినచో అది శుభశకునము; ‘మీదే, సందేహము లేదు’ అన్నచో అది ఎక్కడనో ఎవరిదో నిజమైన యంత్రము నంబరన్నమాట, గనుక వదలి వేఱొకటి పుట్టింపవలెను. చూచుటకు నిజమైనదిగా నుండవలెను, నిజముగా మాత్రము ఎవరిదియు కాకూడదు. యజమాని నోట తన్నెఱుగనని పలికించుకొని సంబరపడు సేవకుడు పురాణములలో సైతము కానరాడు.

ఆపిల్ వారి లైసెన్సు ఒప్పందము, ఈ సాఫ్ట్‌వేరును ఆపిల్ ముద్రగల కంప్యూటరుమీదనే వేయవలెనని స్పష్టముగా చెప్పుచున్నది. ఫ్లారిడాలో సైస్టార్ అను సంస్థ 2008లో ఇట్టి పెట్టెలను బహిరంగముగా అమ్మజూచి, 2009లో కాలిఫోర్నియా న్యాయస్థానమున ఓడి, 2011లో అప్పీలునందును ఓడినది. అనుమతి లేని ఏలుబడి ఎట్టిదో మధురవారికి వేఱుగా చెప్పనక్కఱలేదు. విజయనగర సేనలతో వచ్చి చోళుని గెలిచిన నాగమనాయకుడు మధురను పాండ్యున కప్పగింపక తానే ఏలుకొనగా, కన్నకొడుకైన విశ్వనాథుడే రాయల ఆజ్ఞపై తండ్రిని బంధించి తెచ్చెననియు, ఆ ప్రభుభక్తికి మెచ్చియే రాయలు వానికి మధుర నిచ్చెననియు ఐతిహ్యము. మన హాకింతోషీయుల యిండ్లలో మాత్రము విశ్వనాథుడు పుట్టలేదు. తండ్రికి ఐమాక్ అనగా నేమో తెలియదు గనుక నాగమనాయకుని పాత్రధారణము కూడ కుమారుని పాలనే పడినది.

ఇంతదూరము వాదించినపిమ్మట వారు తీయు బ్రహ్మాస్త్రమొకటి కలదు: “మేము జి.డి. నాయుడుగారి ఊరివారము, యంత్రమును విప్పి చూచుట మా రక్తములో నున్నది.” ఇక్కడనే నాకు కోపము వచ్చును. 1893లో కలంగల్ గ్రామమున పుట్టిన ఆ మహాశయుడు హోటలులో పనిచేసి కూడబెట్టిన సొమ్ముతో మోటారుసైకిలు కొని కీలుకు కీలు విప్పి మరల బిగించెననుట కోయంబత్తూరున పిల్లలకు సైతము తెలిసిన కథ. 1920లో పొళ్లాచి, పళనిల నడుమ ఒక్క బస్సుతో ఆయన మొదలిడినది పెరిగి యూనివర్సల్ మోటార్ సర్వీస్ అయినది. 1937లో డి. బాలసుందరం నాయుడుగారితో కలసి స్వదేశీ విద్యుత్ మోటారును తయారు చేసినప్పుడు, దానిపై ఏ జర్మనీ కంపెనీ సీరియల్ నంబరును చెక్కి, ఆ కంపెనీవారు మమ్మెఱుగమన్నారు గదాయని సంతోషింపలేదు. ఆయన విప్పినది నేర్చుకొనుటకు. నేర్చినదానితో తనదని చెప్పుకొనదగినది వేఱొకటి చేసెను. మనవాడు విప్పినది యేమి? పెట్టె మూతకున్న మరలైన కదలలేదే! లైలూను వ్రాసినవారి విద్యకు, ఆపిల్ డ్రైవరును రేకురేకుగా విడదీసి చదివిన వారి ఓర్పునకు నేను మనసారా నమస్కరింతును. వారే నాయుడుగారి దారివారని ఒప్పుకొందును. వారు కనుగొన్న సంఖ్యను కాపీచేసి అతికించి, పొరుగింటివానికి స్క్రీన్‌షాట్ పంపువాడు ఆయన మనుమడనుటకు మాత్రము నా కలము కదలదు.

పోనీ, ఈ శ్రమకు దీర్ఘాయువైన కలదా యనిన, అదియు లేదు. 2020 నవంబరులో ఆపిల్ వారు తమ సొంత ఎం1 చిప్పును విడుదల చేసి ఇంటెల్‌కు వీడ్కోలు మొదలుపెట్టిరి. 2025 జూనులో, టాహో అను కూర్పే ఇంటెల్ మాక్‌లకు కడపటిదని ప్రకటించిరి. పదవ తరము దాటిన ఇంటెల్ ప్రాసెసరులను వారెన్నడును తమ యంత్రములలో పెట్టలేదు గనుక, పదకొండవ తరపు గ్రాఫిక్స్‌ను పని చేయించు డ్రైవరు మాక్ ఓయెస్‌లో లేనే లేదు. సంఖ్యను ముందునుండి వ్రాసినను, వెనుకనుండి వ్రాసినను ఆ 7 ఎంబీలు 7 ఎంబీలే. ఈ సంగతిని మధురలో, మొన్ననే పన్నెండవ తరపు లాప్‌టాపు కొన్న ఒక తెలుగు యువకునకు విన్నవించితిని. ఆతడు సావధానముగా విని, తన లాప్‌టాపు వేగము నిజముగా దొడ్డదే యన్నాడు, విండోస్‌లో గ్రాఫిక్స్ అద్భుతముగా నున్నవన్నాడు, ఏ లోపమును లేదన్నాడు. అందుచేతనే దానిని సగము ధరకు అమ్మివేసి, ఆ డబ్బుతో ఎనిమిదవ తరపు సెకండ్ హాండ్ పెట్టె నొకదానిని వెదకుచున్నాడట; నా యెఱుకలో ఎవరివద్దనైన నున్నదేమోనని నన్నే అడిగినాడు.