చుట్టరికం కలుపుకుని వచ్చే మిథనాల్‌కు

మిథనాల్,

ఓ రాత్రి మా గార్లదిన్నె వైపు నుంచి ఒకాయన్ను ఆసుపత్రికి ఆటోలో తెచ్చారు. ముందురోజు సాయంత్రం వేరుశెనగ కళ్లంలో పని ముగించుకుని, హైవే పక్కన ఎవరో డబ్బాలోంచి వంచి ఇచ్చింది తాగాడట. రాత్రి హాయిగా పడుకున్నాడు, తెల్లారీ బాగానే ఉన్నాడు. పొద్దుగూకాక ఆయాసం మొదలైంది. రక్తం తీయడానికి చెయ్యి పట్టుకుంటే, "కండ్లకు తెల్లగుడ్డ కట్టినట్లుందప్పా, నీ మొగం కనపడ్లా" అన్నాడు. నోట్లో మందు వాసన కూడా లేదు.

నీ తీరే అంత. లోపలికి దిగేటప్పుడు చీమ కుట్టినట్టయినా ఉండదు. కాలేయం నిన్ను ఫార్మాల్డిహైడ్‌గా, ఆపైన ఫార్మిక్ ఆమ్లంగా మారుస్తుంది. చీమల ఒంట్లో ఉండేది ఆ ఆమ్లమే. అది కణాలు ఆక్సిజన్ వాడుకునే దారిని మూసేస్తుంది. కంటి నరం ముందుగా దెబ్బతింటుంది. ఇందుకు 12 నుంచి 24 గంటలు పడుతుంది. నీ దగ్గరి చుట్టం, మామూలు మద్యంలో ఉండే ఇథనాల్ కూడా కడుపులో ఉంటే ఇంకా ఆలస్యం. ఈలోపు మత్తు దిగిపోయిందనుకుని మనిషి పనికి పోతాడు.

నిన్ను పట్టే యంత్రం లేకపోలేదు. మూత బిగించిన చిన్న సీసాలో రక్తాన్ని వెచ్చబెట్టి, పైకి లేచిన ఆవిరిని గ్యాస్ క్రొమటోగ్రఫీలోకి పంపితే నీ గీత వేరుగా, ఇథనాల్ గీత వేరుగా పడతాయి. ఆ యంత్రం ఎక్కువగా ఫోరెన్సిక్ ల్యాబుల్లోనే ఉంటుంది. అక్కడికి చేరేవి చాలావరకు పోయినవాళ్ల శాంపిళ్లు. నా కడుపుమంట అక్కడే. 2020 జూలై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి 16 మంది పోయారు. ఆ సీసాల్లో ఏముందో తేల్చే పని ప్రాణాలు పోయాకే మొదలైంది. 2024 జూన్‌లో తమిళనాడు కళ్లకురిచ్చిలో నాటుసారాలో కలిసి 60 మందికి పైగా బలి తీసుకున్నావు.

రక్తంలో కరిగి ఉన్నవాటి మొత్తాన్ని కొలిచే ఆస్మోమీటర్ ఉన్నచోట ఇంకో దారి ఉంది. సోడియం, చక్కెర, యూరియాలతో కట్టిన లెక్కకూ యంత్రం చూపే అంకెకూ మధ్య తేడా బాగా పెరిగితే, రక్తంలో పరాయిదేదో చేరిందని అనుమానించాలి. అయితే ఆలస్యంగా చూస్తే ఇదీ మోసం చేస్తుంది. నువ్వు ఆమ్లంగా మారేకొద్దీ ఆ తేడా తగ్గిపోతుంది, ఆమ్లం మాత్రం మిగులుతుంది. ఆ రాత్రి ఆటోలో వచ్చినాయన రక్తంలో అప్పటికే ఆమ్లం బాగా పెరిగిపోయింది: పీహెచ్ 7.0, బైకార్బొనేట్ 6. డాక్టరు నీ పేరు తేలేదాకా ఆగలేదు. నిన్ను ఆమ్లంగా మారనివ్వకుండా ఇథనాల్ ఎక్కించి, డయాలిసిస్‌కు పంపారు. మనిషి బతికాడు. చూపు తిరిగి రాలేదు.

ఆ ఫార్మిక్ ఆమ్లం రక్తంలో ఉండే రూపమైన ఫార్మేట్‌ను ఎంజైముతో కొలిచే పరీక్ష ఉంది. మామూలు బయోకెమిస్ట్రీ యంత్రం మీదే చేయొచ్చు. అది ప్రతి జిల్లా ఆసుపత్రిలో ఉండాలని కనపడిన ప్రతి అధికారినీ అడుగుతున్నాను. అది వచ్చేదాకా, చూపు మసకబారి ఆయాసంతో ఎవరొచ్చినా బూడిదరంగు మూత గొట్టం ఒకటి ఎక్కువ తీస్తున్నాను. ఖాళీ ఉంటే ఆవిరై పైకి చేరతావని నిండా నింపి, మూత బిగించి, గంటా నిమిషమూ రాసి ఫ్రిజ్‌లో పెడుతున్నాను.

— ఓ ల్యాబ్ టెక్నీషియన్, గార్లదిన్నె